కొలను పక్కన పచ్చ తడక

*ఇంటి వెనక ఈతకొలను కట్టుకోవడం మంచిర్యాల జిల్లాకూ వచ్చేసింది. పక్కింటి డాబా మీది చూపులకు అడ్డంగా ఏం నాటాలన్నది ఇప్పుడు కొత్త తలనొప్పి. తొందరపడి నాటినవాళ్లు ఇప్పుడు జేసీబీలు పిలిపిస్తున్నారు.*

జేసీబీ బకెట్ నేలలోకి దిగి, పళ్లు బిగించి, ఒక్క గుంజు గుంజింది. మొదలూ మట్టీ కలిసి పైకొచ్చాయి. వేళ్ల మధ్య ఇరుక్కుని నీలిరంగు టైలు ముక్కొకటి, రెండడుగుల పీవీసీ పైపొకటి కూడా వచ్చాయి. ఆ పైపును సన్నటి వేళ్లు దారపు ఉండలా చుట్టేశాయి. ఇంటాయన వంగి పైపు ముక్కను చేత్తో తిప్పి చూశాడు. లోపల కూడా వేళ్లే. కొబ్బరి పీచులా కుక్కినట్టున్నాయి.

"నాటినప్పుడు ఏడు వేలు అయినయి సార్. పీకేతందుకు ఇరవై రెండు వేలు అడుగుతున్నడు. పైపులది, టైల్సుది మళ్ల వేరే."

శ్రీరాంపూర్ దాటాక, చెన్నూరు రోడ్డుకు లోపలగా ఉన్న కొత్త వెంచర్లో ఇల్లు అది. ఏప్రిల్ మొదటి వారం, పొద్దున తొమ్మిది గంటలకే ఎండ మాడు పగలగొడుతోంది. ఆయన సింగరేణిలో ఓవర్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. కొడుకు అమెరికాలో ఉంటాడు. సెలవులకు వచ్చే మనవరాళ్ల కోసం 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పున చిన్న కొలను కట్టించాడు. మొదటి ఏడాది కోడలు, పిల్లలు రెండ్రోజులు ఈదారు. మూడో రోజు పక్కన కొత్తగా లేస్తున్న ఇంటి స్లాబు మీద నలుగురు కుర్రాళ్లు చేరారు. వాళ్ల పని సెంట్రింగు, చూపు మాత్రం నీళ్ల మీద. కోడలు తువ్వాలు చుట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సెలవుల్లో ఆమె మళ్లీ నీళ్లలో దిగలేదు.

ముందు గోడ మీద పచ్చ నెట్ కట్టారు. ఈదురుగాలికి చిరిగింది. గోడ ఇంకో మూడడుగులు లేపుదామంటే మేస్త్రీ పునాది చాలదన్నాడు. అప్పుడే నర్సరీలో ఎవరో చెప్పారు: "రెండేండ్లల్ల గోడ లెక్క లేస్తది, మేకలు సుత ముట్టయి." అలా వచ్చింది కోనోకార్పస్. మాట తప్పలేదు. రెండేళ్లలో పన్నెండడుగుల పచ్చగోడ లేచింది. మూడో ఏడు కొలనులో నీళ్లు తగ్గడం మొదలైంది.

గల్ఫ్ నుంచి నడిచొచ్చిన గోడ

ఈ మొక్క మనకు కొత్తేమీ కాదు. జగిత్యాల, నిర్మల్, లక్సెట్టిపేట వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లను అడగండి. దుబాయ్‌లో, కువైట్‌లో విల్లాల చుట్టూ గీత గీసినట్టు నిలబడ్డ పచ్చగోడను కత్తెరతో కోసి చదును చేసింది మనవాళ్లే. ఎండకు, ఉప్పు నీళ్లకు, ఇసుక గాలికి తట్టుకుంటుందని అక్కడ వాడారు. ఆ పచ్చదనం చూసి ముచ్చటపడి, ఇల్లు కట్టుకున్నప్పుడు అదే కావాలని అడిగినవాళ్లు మన పల్లెల్లో చాలామందే ఉన్నారు. పైపుల్లోకి వేళ్లు దూరుతున్నాయన్న గోల కూడా అక్కడే మొదలైంది. ఆ కబురు మాత్రం మొక్కంత వేగంగా ఇక్కడికి రాలేదు.

ఇక్కడ దీన్ని ఊరూరా చేర్చింది హరితహారం. 2015 జులైలో చిలుకూరులో మొదలైన ఆ కార్యక్రమం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని పెట్టుకుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ఇంకో మెలిక పెట్టింది: నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకుంటే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పాలి. మెడ మీద అలాంటి కత్తి వేలాడుతుంటే ఎవరైనా చావని మొక్కనే నాటుతారు. రోడ్ల మధ్య డివైడర్లలో, బడుల ముందు, పల్లె ప్రకృతి వనాల్లో కోనోకార్పస్ అలా నిండింది. దీంట్లో సర్పంచులను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

2022లో తెలంగాణ ప్రభుత్వమే నర్సరీల్లో దీన్ని పెంచొద్దని చెప్పింది. 2023లో గుజరాత్ నిషేధించింది. 2025లో మన శాసనసభలో స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ ఈ చెట్లను తొలగించాలని గట్టిగా అనడంతో చర్చ మళ్లీ రాజుకుంది. హరితహారం పేరు వనమహోత్సవంగా మారింది గానీ, నాటిన చెట్లు పేరు మారినంత సులువుగా కదలవు. శ్రీరాంపూర్ టీ కొట్ల దగ్గర కూడా ఇప్పుడిదే మాట. చలికాలంలో దగ్గు వచ్చినా కోనోకార్పస్ మీదికే నెడుతున్నారు.

━━━━━━━━━━━━
కోనోకార్పస్: నిజమెంత, భయమెంత

• పుట్టినిల్లు మన దేశం కాదు. ఒక జాతిది అమెరికా ఖండపు ఉప్పునీటి తీరాలు, ఇంకో జాతిది సోమాలియా, యెమెన్ ప్రాంతం.
• ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పశువులు అంతగా ముట్టవు, వేగంగా పెరుగుతుంది. అందరికీ నచ్చింది అందుకే.
• తడి ఎక్కడుంటే వేళ్లు అక్కడికే పోతాయి. మంచినీటి పైపులు, డ్రైనేజీ, కేబుళ్లు దెబ్బతింటున్నాయన్నది ప్రధాన ఫిర్యాదు.
• పుప్పొడితో జలుబు, ఆయాసం వస్తాయన్న దాని మీద శాస్త్రవేత్తలు ఒక్క మాట మీద లేరు. రాత్రి బొగ్గుపులుసు వాయువు వదులుతుందన్న ప్రచారానికి మాత్రం అర్థం లేదు. ఆ పని ప్రతి చెట్టూ చేస్తుంది.
━━━━━━━━━━━━

బావిగడ్డ మీద ముసలమ్మ

జేసీబీ చప్పుడు ఆగాక, వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ఇంటావిడ నోరు విప్పింది. అప్పటిదాకా మాది మగవాళ్ల ముచ్చట.

"గీ కొలను గింతే ఉన్నది. మా బాయి దీనికి మూడంతలు ఉండె."

కరీంనగర్ పల్లెల్లో వ్యవసాయ బావి అంటే ఏమిటో చూసినవాళ్లకు తెలుసు. పెద్ద గుండ్రటి గొయ్యి, ఒకవైపు దిగడానికి గట్టు, ఇంకోవైపు ఒకప్పటి మోట తోలిన దారి. చుట్టూ తుమ్మలు, వాయిలి పొదలు. ఆవిడ తొమ్మిదేళ్లప్పుడు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకుంది. ఆడపిల్లలు దిగేది పొద్దుగూకే వేళ. బావిగడ్డ మీద ఒక ముసలమ్మ కాపలా కూర్చునేది. మగపిల్లలు అటు వస్తే బెడ్డ పెట్టి కొట్టేది. పదమూడేళ్లకు పెళ్లయింది. నస్పూర్ కాలనీ క్వార్టర్‌కు కాపురం వచ్చింది. అంతే, ఆ తర్వాత నీళ్లలో కాలు పెట్టలేదు. యాభై ఏళ్లు దాటింది.

"మరి ఇంట్లోనే కొలనుంది కదమ్మా" అన్నాను.

ఆవిడ పక్కింటి స్లాబు వైపు చూసి, మళ్లీ చింతపండులోకి తల వంచింది.

చాటు అంటే మన దగ్గర ఎప్పుడూ ఆడవాళ్ల అవసరమే. గుడిసె వెనక స్నానానికి తాటికమ్మల దడి, వాకిట్లో మేదరి అల్లిన తడక, పెరట్లో మైదాకు చెట్లు. మైదాకు అంటే గోరింటాకు. క్వార్టర్ల వెనక ఖాళీ జాగాల్లోనూ గని కార్మికుల భార్యలు ఇలాగే మందారం, మైదాకు, బొప్పాయి కలిపి అడ్డం పెంచుకున్నారు. బొగ్గు గనుల మీద కార్మికులు ఒళ్లు కడుక్కోవడానికి స్నానాల గదులు ఉండాలని 1959 నాటి నుంచి నిబంధనలే ఉన్నాయి. గని నుంచి వచ్చిన మగాయనకు సర్కారు చాటు చూపించింది. ఇంట్లో ఆడమనిషి తన చాటు తానే నాటుకుంది.

కాబట్టి డబ్బున్నోళ్ల సోకు కింద ఈ కథనాన్ని పక్కన పెట్టేయకండి. కొలనులు పెరుగుతున్నాయి. మంచిర్యాల చుట్టుపక్కల పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు గంటల లెక్కన అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. అక్కడ కూడా మగపిల్లలు నీళ్లలో, ఆడవాళ్లు ఒడ్డున ప్లేట్లు పట్టుకుని. ఎందుకని అడిగితే అందరూ మొహమాటంగా చుట్టూ ఉన్న డాబాలు చూపిస్తారు.

ఎత్తు కాదు, చోటు ముఖ్యం

తెర అనగానే అందరూ కాంపౌండు గోడ పక్కన వరసగా గుంతలు తీస్తారు. మొదటి పొరపాటు అక్కడే. చూపు సూటిగా పోయే గీత. దాన్ని ఎక్కడ అడ్డుకుంటున్నామన్నది లెక్క.

ఓవర్‌మ్యాన్ గారింట్లో తాడు, టేపు పట్టుకుని లెక్కేశాం. గనిలో సర్వే చూసిన మనిషి, ఆయనకిది ఆట. పక్కింటి డాబా మీద నిల్చున్న మనిషి కళ్లు నేలకు 16 అడుగుల ఎత్తులో ఉంటాయి. డాబా అంచు నుంచి కొలను దగ్గరి అంచుకు 40 అడుగులు. మధ్యలో, డాబాకు పదడుగుల దూరంలో, కాంపౌండు గోడ. కొలను అవతలి అంచున నీళ్లలో ఉన్న మనిషిని దాచాలంటే గోడ పక్కన 13 అడుగుల ఎత్తు తెర కావాలి. అదే మొక్కలను కొలనుకు 8 అడుగుల దూరంలోకి తెచ్చి నాటితే? ఏడు అడుగులు చాలు. ఒడ్డున నిల్చున్నవాళ్లూ కనబడొద్దంటే పది.

పదమూడు అడుగులకు చెట్టు కావాలి. ఏడు నుంచి పది అడుగులకు పొద సరిపోతుంది. ఈ ఒక్క లెక్క ముందే వేసుకుని ఉంటే కోనోకార్పస్ గొడవే లేదు. పైగా నాలుగు వైపులా కట్టాల్సిన పని కూడా లేదు. ఏ డాబా నుంచి కనబడుతుందో ఆ మేరకు చాలు. మిగతా వైపులు గాలికీ, కంటికీ వదిలేయొచ్చు.

ఏం రాలుస్తుంది, వేళ్లు ఎటు పాకుతాయి

నర్సరీకి వెళ్లి అందరూ అడిగేది ఒకటే: ఎంత తొందరగా పెరుగుతుంది? నీళ్ల పక్కన నాటే మొక్కను అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు: ఏం రాలుస్తుంది?

వేప సంగతే చూడండి. మనకు తల్లిలాంటి చెట్టు. ఆకు రాల్చే కాలంలో ఆ సన్నటి రెబ్బలు కొలను వడపోత బుట్టను గంటలో నింపేస్తాయి. నీళ్లలో పడి కుళ్లే ఆకు క్లోరిన్‌ను మింగేస్తుంది. నీళ్లు పచ్చబడతాయి, ఇంకాస్త మందు వేయాలి. కాగితం పూల తీగ చూడ్డానికి ఎంత బాగుంటుందో, గాలి వస్తే అంత చెత్త. దానికి ముళ్లు కూడా. ఉత్తి కాళ్లతో పరుగెత్తే పిల్లల దారిలో ముళ్లేమిటి? నరమామిడిని మనవాళ్లు అశోక అంటారు. సన్నగా నిటారుగా పెరుగుతుంది, బాగానే ఉంటుంది గానీ, కాయ కాసిందంటే రాత్రి గబ్బిలాలు వస్తాయి. పొద్దున టైల్స్ మీద వాటి రెట్టలు.

రెండో ప్రశ్న వేళ్లది. రావి, మర్రి, ఫైకస్ పేరుతో కుండీల్లో ముద్దుగా అమ్మేవి ఒకే కుటుంబం. కుండీలో ఉన్నన్నాళ్లే బుద్ధిమంతులు. కొలను గోడకు ఇరవై అడుగుల లోపల ఏ పెద్ద చెట్టునూ రానివ్వొద్దు. నల్లరేగడి నేలైతే ఇంకా జాగ్రత్త: ఎండకు నెర్రెలు బారినప్పుడు వేళ్లకు ఆ నెర్రెలే రహదారులు. చల్క నేలలో ఈ బాధ తక్కువ.

ఇక ఏం నాటాలి? నాకు నచ్చిన వరస చెబుతాను.

అరేకా పామ్. ప్రతి నర్సరీలో ఉంటుంది. పేరు చూసి పోక అనుకోకండి, దీని పుట్టిల్లు మడగాస్కర్. గుబురుగా పిలకలు వేస్తుంది, వేళ్లు పీచులా ఉండి గోడలను పగలగొట్టవు. నీళ్లలో పడేది ఎప్పుడో ఒక ఎండు మట్ట, చేత్తో తీసిపారేయొచ్చు. మూడున్నర అడుగులకొకటి నాటితే మూడేళ్లకు తెర. ఒక్కటే లోపం: మన పడమటి ఎండకు ఆకుల కొనలు మాడతాయి. 45 డిగ్రీలు దాటే మే నెలలో మొదటి రెండేళ్లు పైన జాలి కప్పాల్సిందే.

ఎండ సూటిగా కొట్టే వైపు మురాయ నయం. కరివేపాకు చెట్టుకు దగ్గరి చుట్టం. చిక్కటి చిన్న ఆకు, కత్తిరిస్తే గోడలా నిలుస్తుంది, వానాకాలం సాయంత్రాలు తెల్లపూల వాసన. పూలకు తేనెటీగలు వస్తాయి కాబట్టి నీళ్ల అంచుకు మరీ దగ్గరగా వద్దు. పెరుగుదల నెమ్మది. తొందరపడేవాళ్లు దీన్ని కొనరు, అదే దాని దురదృష్టం.

వెదురు విషయంలో నాకు ఊరి అభిమానం ఉంది. ఆదిలాబాద్ వెదురుతో సిర్పూర్ మిల్లులో కాగితం చేశారు, మేదరివాళ్లు బతుకు అల్లుకున్నారు. 2017 దాకా చట్టం దృష్టిలో వెదురు చెట్టే. ఆ ఏడాది సవరణతో అడవి బయటి వెదురు ఆ లెక్క నుంచి తప్పింది, కాబట్టి ఇంట్లో పెంచి కోసుకోవడానికి ఇప్పుడు ఆ భయం లేదు. కానీ కొలను పక్కన? మన అడవి వెదురు ఎండాకాలం ఆకు దులిపేస్తుంది. కంచె కోసమే పెంచే సన్న వెదురు రకాలు నర్సరీల్లో దొరుకుతాయి. ఒకేచోట గుబురుగా లేచేవే తీసుకోవాలి, భూమిలో పాకేవి వద్దు. పదడుగుల దూరం, గాలి కొలను మీంచి వెదురు వైపు వీచే దిక్కున అయితే సరే.

జాగా అసలే లేనివాళ్లకు పరదా తీగ. నగరాల్లో ఫ్లైఓవర్ల నుంచి, బాల్కనీల నుంచి జడల్లా కిందికి వేలాడుతుందే, అదే. ఎనిమిదడుగుల ఇనుప చట్రం కట్టి పైన తొట్టెలో నాటితే నిజంగానే పరదా. చిన్నచిన్న పూలు, ముళ్లు లేవు, నేలలో వేళ్ల బెడద లేదు.

మైదాకునూ వదలొద్దు. ఎండకు భయపడదు, ఏటా రెండుసార్లు కత్తిరిస్తే చిక్కబడుతుంది, కత్తిరించిన కొమ్మల ఆకు ఆషాఢంలో ఇంటిల్లిపాది చేతులకు. ముదురు కొమ్మకు ముల్లు ఉంటుంది గనక నడిచే దారి పక్కన కాకుండా గోడ వైపు, వెనక వరసలో పెట్టుకోవాలి. నీళ్లు కరువైతే ఆకు రాలుస్తుంది. పాతకాలపు మనిషిలా దానికీ అలక ఉంటుంది.

అన్నీ ఒకే రకం పెట్టి వరస కట్టడం నాకిష్టం ఉండదు. ఒక పురుగు పట్టిందంటే గోడంతా పోతుంది. ముందు మురాయ, వెనక అరేకా, మూలల్లో మైదాకు. పెరడు పెరడులాగే ఉంటుంది, ఆఫీసు గేటులా కాదు.

━━━━━━━━━━━━
పిల్లలు దిగే నీళ్ల దగ్గర ఇవి వద్దు

• గన్నేరు, పచ్చగన్నేరు: ఆకు, పువ్వు, కాయ, పాలు అన్నీ విషం. హైవే మధ్యలో ఉండనివ్వండి.
• దురంత: పసుపు పండ్ల గుత్తులు ముద్దొస్తాయి. పిల్లల నోట్లోకి పోతే ప్రమాదం.
• కాడజెముడు: పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, చూపుకే ముప్పు.
• ఏ పొదైనా కింది అడుగు మేర కొమ్మలు తీసేసి నేల కనబడేలా ఉంచాలి. పాము, తేలు ఉంటే ముందే తెలుస్తుంది.
━━━━━━━━━━━━

బొగ్గు ఊళ్లో నీళ్ల రంగు

శ్రీరాంపూర్ సంగతి ఇంకో మెట్టు ఎక్కువ. ఓపెన్‌కాస్టులు, బొగ్గు లారీలు తిరిగే రోడ్లు, జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం. ఇక్కడ ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి తెల్లగా ఉండదు. కొలను నీళ్ల మీద పొద్దున్నే సన్నటి నల్ల పొర తేలుతుంది, చేయి పెడితే వేలికి అంటుకుంటుంది. దట్టమైన ఆకు తెర ఆ దుమ్మును కొంత పట్టి ఆపుతుంది. ఆకు మీద చేరిన దుమ్మును వారానికోసారి పైపుతో కడగకపోతే మొక్క ఊపిరాడక పాలిపోతుంది. కడిగిన నీళ్లు మాత్రం కొలనులోకి పోకుండా చూసుకోవాలి.

తెర వల్ల ఇంకో లాభం చాలామంది గమనించరు. వడగాలి నీళ్లను ఎగరేసుకుపోతుంది. మే నెలలో రోజుకు ఒక సెంటీమీటరు ఆవిరైందనుకుంటే, ఓవర్‌మ్యాన్ గారి కొలనులో 400 లీటర్ల పైమాటే. పడమటి గాలికి అడ్డం ఉంటే అందులో కొంత మిగులుతుంది. బోర్లు ఎండే జిల్లాలో ఇది చిన్న సంగతి కాదు.

కొలను నీళ్లు చిందితే మొక్క చస్తుందా అని చాలామంది అడుగుతారు. ఈతకు వాడే మోతాదు క్లోరిన్ నాలుగు చుక్కలు పడితే ఏమీ కాదు. వడపోత యంత్రాన్ని వెనక్కి తిప్పి కడిగినప్పుడు వచ్చే మురికి నీటిని మాత్రం చాలామంది మొక్కల పాదుల్లోకే వదిలేస్తారు. రోజూ అదే నీరు తాగితే ఏ మొక్కకైనా ఉప్పు పట్టి అంచులు మాడతాయి.

మిరుగం తర్వాత

జూన్ మూడో వారంలో మళ్లీ వెళ్లాను. మిరుగం వచ్చి పోయింది, రెండు వానలు పడ్డాయి. కొలను గోడకు కొత్త టైల్స్ రంగు కాస్త తేడాగా తెలుస్తోంది. దానికి ఎనిమిదడుగుల దూరంలో కడియం నర్సరీల లారీలో వచ్చిన అరేకాలు, మురాయలు నడుముల ఎత్తున నిలబడ్డాయి. మూలన మైదాకు కొమ్మలు. అవి ఇంటావిడ ఎవరింట్లోనో విరిచి తెచ్చి గుచ్చినవి. పీకేసిన కోనోకార్పస్ చోట మట్టిలోంచి రెండు చిగుళ్లు మళ్లీ తలెత్తాయి. ఓవర్‌మ్యాన్ చెప్పుకాలితో వాటిని నలిపి, "ఇది సింగరేణి సర్వీసు లెక్క, వదలది" అన్నాడు.

మొక్కలు ఎత్తుకు రావడానికి రెండు మూడేళ్లు. అప్పటిదాకా? మేదరి ఇంట్లో చెప్పి అల్లించిన తడకలు పది, ఇనుప కడ్డీలకు కట్టి వరసగా నిలబెట్టారు. పచ్చి వెదురు వాసన ఇంకా పోలేదు. ఆ తడకల ఖర్చు విని నేను ఆశ్చర్యపోయాను. జేసీబీ బాడుగలో సగం కూడా కాదు.

పిల్లలిద్దరూ నీళ్లలో అరుస్తున్నారు. కోడలు అవతలి అంచుదాకా ఈది వచ్చి గట్టు పట్టుకుంది. పొద్దు వాలుతుండగా ఇంటావిడ చెంగు నడుముకు బిగించి మెట్ల దగ్గరికి వచ్చింది. పక్కింటి డాబా వైపు చూసింది. తడకల పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"గేటు వేసిన్రా?" అని భర్తను అడిగింది.

ఆయన నన్ను తీసుకుని ముందు వాకిట్లోకి వచ్చేశాడు. వెనక నుంచి పిల్లల కేక ఒకటి వినబడింది, తర్వాత పెద్దగా నీళ్ల చప్పుడు.